కొత్త ఫోన్ కొనకు పిన్నీ, అట్టపెట్టె ఉంటే ఇవ్వు

2025 ఫిబ్రవరిలో మా పిన్ని పంపిన కుంకుమ భరిణె ఒకటి వెనక్కి వచ్చింది. పగిలిందని కాదు, మూత పట్టట్లేదని కాదు, రంగు తేడా ఉందని. కొన్నావిడ హైదరాబాద్‌లో ఉంటారు, ఆవిడ భరిణెని బల్ల మీద పెట్టి, పక్కనే ఇంకో ఫోన్‌లో పిన్ని పెట్టిన ఫోటో తెరిచి, రెండూ కలిపి ఫోటో తీసి పంపారు. కింద ఒక్కటే లైను, "మీరు చూపించింది ఎరుపు, పంపింది ఇటుక రంగు, ఇలా చెయ్యకండి మేడం" అని. పిన్ని ఆ మెసేజ్ నాకు ఫార్వర్డ్ చేసి వెంటనే ఫోన్ చేసింది. "ఏటిరా ఇది, నేను మోసం చేసినట్టు మాట్లాడుతోంది, అదే భరిణె, అదే పంపాను కదరా" అంటూ గొంతు పూడుకుపోయింది.

పిన్నిది ఎలమంచిలి. లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక అక్కడికి దగ్గరే, వరాహ నది పక్కన. పిన్ని బొమ్మలు చేసే మనిషి కాదు, ఆ ఊళ్ళో నాలుగైదు కుటుంబాల దగ్గర సరుకు తీసుకుని వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అమ్ముతుంది, లక్కపిడతల సెట్లు, బొంగరాలు, భరిణెలు, ఎడ్లబళ్ళు. ఆ జనవరి 26న ఢిల్లీ పరేడ్‌కి మన ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతోనే వెళ్ళింది కదా, ఆ వారం నుంచి పిన్ని ఫోన్‌కి రెస్ట్ లేదు, ఎప్పుడూ అడగని ఊళ్ళ నుంచి మెసేజీలు. సరిగ్గా ఆ టైంలో ఈ రిటర్న్.

ఆవిడ ఇటుక రంగు అన్నారే, అసలు రంగు అదే. ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆ రంగులు గింజల నుంచి, బెరడు నుంచి, వేళ్ళ నుంచి, ఆకుల నుంచి తీసినవి. ఈ సహజ రంగుల పద్ధతిని నిలబెట్టినందుకే ఆ ఊరి కళాకారుడు సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు, అంతకుముందు 2017లో బొమ్మలకి జీఐ ట్యాగ్, అంటే ఇవి ఆ ఊరివే అనే గుర్తింపు, వచ్చింది. చెట్టు నుంచి వచ్చిన ఎరుపు ప్లాస్టిక్ బకెట్ ఎరుపులా ఉండదు, కాస్త మట్టి కలిసినట్టు, కాస్త లోపలి నుంచి వెచ్చగా ఉంటుంది. పిన్ని ఫోటోలో ఉన్నది బకెట్ ఎరుపు. అంటే మంచి రంగుని చెడగొట్టి చూపించి, అసలు రంగు పంపినందుకు మాట పడ్డాం అన్నమాట. నాకు ఆ రోజు నిజంగా కడుపులో తిప్పింది.

ఆ ఆదివారం విశాఖ నుంచి వెళ్ళి, ఫోటో ఎలా తీస్తావో ఒకసారి తీసి చూపించమన్నా. రాత్రి ఎనిమిది దాటాక, వంట గిన్నెలు కడిగేసి, వంటింటి గట్టు మీద భరిణె పెట్టి, పైన ట్యూబ్ లైట్, వెనక లేత ఆకుపచ్చ గోడ. ఫోటో తీసింది, మసగ్గా వచ్చింది, ఎరుపు చచ్చిపోయి గోధుమ రంగులో కనిపించింది. "చూడు, డల్‌గా వచ్చింది కదా, అప్పుడు ఇది నొక్కుతాను" అని ఫిల్టర్లలోకి వెళ్ళి వివిడ్ నొక్కింది. అయిపోయింది, బకెట్ ఎరుపు వచ్చేసింది. పిన్ని తప్పు ఏమీ లేదు ఇందులో, డల్‌గా కనిపించిన దాన్ని సరిచేద్దామనుకుంది, కానీ ఎంత సరిచెయ్యాలో చెప్పే కొలత తన దగ్గర లేదు, కంటికి బాగున్నంత వరకు లాగింది.

"ఈ ఫోన్ పాతదైపోయిందిరా, ఇరవై అయిదు వేలలో మంచి కెమెరా ఫోన్ ఉందట, ఈఎంఐలో తీసుకుంటాను" అంది. నేను వద్దన్నా. కొత్త ఫోన్ కొనకు పిన్నీ, అట్టపెట్టె ఉంటే ఇవ్వు అన్నా. మిక్సీ వచ్చిన పెట్టె అటక మీద ఉంది, దింపింది. దాంతో లైట్ బాక్స్ చేద్దామని, అంటే వస్తువుని లోపల పెట్టి, చుట్టూ మెత్తటి వెలుతురు పడేలా చేసి ఫోటో తీసే పెట్టె.

నేను చాలామందితో వాదించే మాట ఇదే, ఇక్కడ కూడా అదే చెప్తున్నా. చిన్న వస్తువుల ఫోటో బాగా రాకపోవడానికి నూటికి తొంభై సార్లు కారణం కెమెరా కాదు, దాని మీద పడే వెలుతురు. ఆ వెలుతురు సంగతి చూసుకోకుండా ఫోన్ మారిస్తే అదే తప్పు రంగు ఇంకా ఎక్కువ మెగాపిక్సెల్స్‌లో వస్తుంది, అంతే. లైట్ బాక్స్ అంటే చాలామంది వస్తువుని అందంగా చూపించే సామాను అనుకుంటారు, నా దృష్టిలో అది వస్తువు ఎలా ఉందో అలా చూపించే సామాను. చేత్తో చేసినవి అమ్మేవాళ్ళకి అందం కంటే అది ముందు కావాలి.

పెట్టె ఎలా పనిచేస్తుందో అర్థమైతే తయారీ దానంతట అదే వచ్చేస్తుంది. ఎండలో నిలబడితే నీడ కత్తితో కోసినట్టు పడుతుంది, మబ్బు పట్టిన రోజు నీడే ఉండదు. సూర్యుడు ఎంత పెద్దవాడైనా అంత దూరంలో ఉండబట్టి మనకి ఆకాశంలో అర డిగ్రీ అంత చిన్న బిళ్ళలా కనిపిస్తాడు, చిన్న దీపం కాబట్టి గట్టి నీడ. మబ్బు పడితే ఆకాశం మొత్తం దీపం అయిపోతుంది, అన్ని వైపుల నుంచీ వెలుతురు వస్తుంది, నీడ మెత్తబడిపోతుంది. పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫర్లు తెల్ల గొడుగులోంచి ఫ్లాష్ కొట్టేది కూడా ఇందుకే. మన పెట్టెలో చేసేది కూడా ఇదే, బల్బుకీ వస్తువుకీ మధ్య తెల్ల కాయితం పెడతాం, అప్పుడు వస్తువుకి బల్బు కనిపించదు, ఆ కాయితమే దీపం అవుతుంది, మూడు అంగుళాల బల్బు దాదాపు అడుగుంపావు కిటికీ అయిపోతుంది. గుప్పెడంత భరిణెకి అది మబ్బు పట్టిన ఆకాశమే.

పెట్టె ఒక్కో వైపు అడుగున్నర ఉంటే బొమ్మలకి సరిపోతుంది, మరీ చిన్నది తీసుకుంటే గోడలు ఫ్రేములోకి వచ్చేస్తాయి. ముందు వైపు రెక్కలు మొత్తం కోసేశాం. కుడి, ఎడమ, పైన, ఈ మూడు వైపులా అంచుకి రెండు అంగుళాలు వదిలి కిటికీలు కోశాం, అంచు వదలకపోతే పెట్టె నిలబడదు, మొదటి పెట్టె నాకు అలాగే కూలిపోయింది. కిటికీలకి బయట నుంచి ట్రేసింగ్ పేపర్ లాగి బిగువుగా టేపు వేశాం. ట్రేసింగ్ పేపర్ దొరక్కపోతే వంటింటి బటర్ పేపర్ పర్లేదు, అన్నిటికంటే మంచిది ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల మల్లు పంచె ముక్క, కానీ నీలిమందు పెట్టినది వద్దు, నీలం ఛాయ వస్తుంది. లోపల మిగిలిన అట్ట అంతా తెల్ల కాయితం అంటించాలి, ఇది చాలామంది వదిలేస్తారు. అట్ట గోధుమ రంగు వెలుతురుని పట్టుకుని వస్తువు మీదకి విసురుతుంది, పిన్ని వంటింట్లో ఆకుపచ్చ గోడ చేసింది కూడా అదే, భరిణె ఒక పక్క అంతా పాకుడు పట్టినట్టు కనిపించేది.

ఆ తర్వాత చార్టు. తెల్ల చార్టుని వెనక గోడ పైన క్లిప్పు పెట్టి వేలాడదీసి, కింద నేల మీదకి వంపుగా జారనివ్వాలి, మడత పెట్టకూడదు. మడత పెడితే అక్కడ గీత పడుతుంది, వంపుగా వదిలితే నేల ఎక్కడ అయిపోయి గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. గమ్ము పెట్టొద్దు, చార్టు పది రోజులకే గీతలు పడి మాసిపోతుంది, క్లిప్పు అయితే తీసి వేరేది వేసుకోవచ్చు. ఇక బల్బులు కుడి వైపు ఒకటి ఎడమ వైపు ఒకటి, కాయితానికి అడుగు దూరంలో. మరీ దగ్గర పెడితే కాయితం మధ్యలో ఒక్క చోటే తెల్లగా మండుతుంది, వెనక్కి జరిపితే కిటికీ అంతా సమానంగా వెలుగుతుంది. పాత గుండు బల్బులు, హాలోజన్లు మాత్రం ఈ కాయితాల దగ్గరకి తేవద్దు, నిప్పు అంటుకుంటుంది. ఎల్ఈడీలే వాడండి.

ఖర్చు చెప్తా. ట్రేసింగ్ పేపర్ షీట్లు 60, తెల్ల చార్టులు మూడు 45, నల్ల చార్టు 15, టేపు 30, హోల్డర్లు వైరు ప్లగ్గులు అన్నీ కలిపి 160. మొత్తం 310 రూపాయలు. బల్బులు ఇంట్లో ఉన్నవే రెండు పీకి పెట్టాం, రెండు గంటల్లో అయిపోయింది.

ఇప్పుడు అసలు కష్టం. లక్క బొమ్మ అద్దం లాంటిది. మొదటి ఫోటో తీసి ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే భరిణె పొట్ట మీద ఒక చిన్న సినిమా నడుస్తోంది. నా మొహం, నా మొహం ముందు ఫోన్, నా వెనక పిన్ని, పిన్ని వెనక తలుపు, తలుపు మీద మామిడి తోరణం, అన్నీ వేలెడంత జాగాలో వంగి కనిపిస్తున్నాయి. గుండ్రటి మెరిసే వస్తువు తన ముందున్న గది మొత్తాన్ని పట్టుకుంటుంది, పెట్టె మూడు వైపులే కప్పింది, నాలుగో వైపు నేనున్నా. ఇంకో తెల్ల చార్టు తీసుకుని మధ్యలో రూపాయి బిళ్ళంత కన్నం కోసి పెట్టె నోటికి తలుపులా ఆనించి, ఆ కన్నంలోంచి తీశాం. మొహం పోయింది, పిన్ని పోయింది, తోరణం పోయింది, ఆ కన్నం మాత్రం ఆవగింజంత చుక్కలా మిగిలింది.

కానీ కొత్త సమస్య వచ్చింది. అన్ని వైపులా తెల్లదనమే ఉంటే భరిణె గుండ్రంగా ఉందో బిళ్ళలా ఉందో తెలియట్లేదు, అంచులు వెనక చార్టులో కరిగిపోతున్నాయి. లేత పసుపు బొంగరం అయితే సగం మాయమైపోయింది. దీనికి నల్ల చార్టు. రెండు వేళ్ళ వెడల్పు పట్టీలు రెండు కోసి ఫ్రేములోకి రాకుండా బొమ్మకి అటూ ఇటూ నిలబెడితే, బొమ్మ అంచుల్లో ఆ నలుపు సన్నటి గీతలా పట్టుకుంటుంది, పెన్సిల్‌తో గీసినట్టు ఆకారం బయటకి వస్తుంది. తర్వాత ఎడమ బల్బుని ఇంకో అడుగు వెనక్కి జరిపాం. దూరం పెరిగే కొద్దీ వెలుతురు దూరానికి వర్గంలో పడిపోతుంది, రెట్టింపు దూరంలో పావు వంతే మిగులుతుంది. ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ అయ్యేసరికి పొట్ట మీద పై నుంచి కిందకి ఒక పొడుగాటి మెత్తటి మెరుపు పడింది, భరిణె చేతిలోకి తీసుకోవచ్చు అన్నంత గుండ్రంగా కనిపించింది. ఆ ఫోటో నేను ఇప్పటికీ డిలీట్ చెయ్యలేదు.

రంగు విషయంలో ఇంకో రెండు పనులు ఉన్నాయి. ఫోన్ కెమెరాలో ఆటో వదిలేస్తే, ఫ్రేము నిండా ఎర్ర బొమ్మ ఉన్నప్పుడు అది "వెలుతురే ఎర్రగా ఉంది కాబోలు" అనుకుని రంగుని నీలం వైపు తోసేస్తుంది. సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్ళి ముందు ఖాళీ చార్టు చూసి, అది తెల్లగా కనిపించే వరకు వైట్ బ్యాలెన్స్ నంబర్ జరిపి అక్కడే ఉంచెయ్యాలి, మన కూల్ డేలైట్ బల్బులకి 6500 దగ్గర ఆగుతుంది. గదిలో మిగతా లైట్లు ఆపెయ్యాలి, పసుపు బల్బు ఒకటి వెలుగుతున్నా రెండు రంగుల వెలుతురు కలిసిపోయి ఏ నంబరూ పనిచెయ్యదు. రెండోది, తెల్ల చార్టు బూడిద రంగులో వస్తుంది, ప్రతివాళ్ళకీ వస్తుంది, కెమెరా ఏది చూసినా మధ్యస్తంగా ఉండాలని లెక్క వేస్తుంది కాబట్టి ఫోటో ఎంత వెలుగ్గా రావాలో చెప్పే ఎక్స్‌పోజర్‌ని మనమే ముప్పావు నుంచి ఒకటి వరకు పైకి లాగాలి. ఫోన్‌ని బొమ్మ ముక్కు దగ్గర పెట్టొద్దు, రెండడుగులు వెనక్కి వెళ్ళి 2ఎక్స్‌లో తీస్తే ఆకారం సాగదు. ఫోటోలో అడ్డంగా చారలు వస్తే అది కరెంటు పని, మనది 50 హెర్ట్జ్ కాబట్టి చాలా బల్బులు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, షట్టర్ స్పీడ్ 1/50 సెకను కానీ 1/100 సెకను కానీ పెడితే పోతాయి.

ఇంత చేసినా ఎరుపు ఇంకా కొంచెం నీరసంగానే ఉంది. తప్పు బల్బుది. డబ్బా మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది, ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పేది, మామూలు ఎల్ఈడీలకి 80 అలా ఉంటుంది, చాలా బాగుంది అనిపిస్తుంది, కానీ అది ఎనిమిది లేత రంగుల సగటు, ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దాన్ని ఆర్9 అని వేరేగా కొలుస్తారు, చవక బల్బులు అక్కడే దెబ్బతింటాయి. వెలుతురులో లేని ఎరుపు ఫోటోలోకి ఎలా వస్తుంది, పిన్ని భరిణె రాత్రిళ్ళు గోధుమ రంగులో కనిపించింది ఇందుకే, లేని రంగుని తేవడం ఏ ఫిల్టర్ వల్లా కాదు, అది ఉన్నదాన్నే రెచ్చగొడుతుంది. సీఆర్ఐ 90 పైన ఉన్న బల్బులు రెండు విశాఖలో వెతికి తెచ్చా, రెండూ 480 అయ్యాయి. అంటే మొత్తం 790. బల్బులు మార్చి అదే భరిణెని అదే చోట పెట్టి తీస్తే, ఇటుక రంగు, లోపలి వెచ్చదనంతో సహా వచ్చింది. పిన్ని భరిణెని ఫోన్ పక్కన పట్టుకుని అటూ ఇటూ చూసి, "ఇదేరా" అంది.

దీనికి నాతో వాదించేవాళ్ళు ఉన్నారు, మా ఆఫీసులోనే ఇద్దరు. ఇప్పుడు యాప్‌లో ఒక్క నొక్కు నొక్కితే బ్యాక్‌గ్రౌండ్ పోయి తెల్లగా వస్తుంది కదా, ఈ అట్టపెట్టె పాతకాలం పని అంటారు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ కావాల్సిన మాట నిజమే, అమెజాన్‌లో పెట్టాలంటే మెయిన్ ఫోటోకి పూర్తి తెలుపు ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. కానీ యాప్ వెనకున్న గోడని తీస్తుంది, గోడ వస్తువు మీద వేసిన ఆకుపచ్చని తియ్యదు. పొట్ట మీద ఉన్న నా మొహాన్ని తియ్యదు. ట్యూబ్ లైట్ మింగేసిన ఎరుపుని తిరిగి ఇవ్వదు. పైగా కింద నీడ కూడా కోసేస్తుంది, బొమ్మ నేల మీద లేకుండా గాల్లో వేలాడుతుంది, కొనేవాళ్ళకి ఎందుకో నమ్మకం కలగదు. ఏఐతో కొత్త వెలుతురు వేసే యాప్‌ల గురించైతే నేను గట్టిగానే చెప్తా, చేత్తో చేసిన వస్తువుకి అవి వాడకండి, లేని గీతలు కలుపుతాయి, ఉన్న గీతలు తీసేస్తాయి, అప్పుడు మీరు అమ్మేది ఒకటి చూపించేది ఇంకొకటి.

కిటికీ పక్కన పెట్టి పగటి వెలుతురులో తీస్తే చాలదా అని అడిగేవాళ్ళతో మాత్రం నేను సగం ఒప్పుకుంటా. ఉత్తరం వైపు కిటికీ, ఎదురుగా తెల్ల థర్మోకోల్ ముక్క, అంతకంటే మంచి వెలుతురు డబ్బు పెట్టినా రాదు, ఎరుపు పూర్తిగా ఉంటుంది. కానీ ఉదయం ఒక రంగు సాయంత్రం ఒక రంగు, జూలైలో వాన పట్టుకుంటే నాలుగు రోజులు చీకటి, పిన్నికి ఖాళీ దొరికేది రాత్రి ఎనిమిదికి. ఈ రోజు తీసిన బొంగరం, రెండు నెలల తర్వాత తీసిన బొంగరం పక్కపక్కన పెడితే ఒకేలా కనిపించాలి, లేకపోతే మళ్ళీ అదే గొడవ. పెట్టె లోపల ఎప్పుడూ ఒకటే వాతావరణం. రెడీమేడ్ మడత బాక్సులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, వాటిలో పైన ఎల్ఈడీ పట్టీ ఉంటుంది, కాయితం అడ్డు లేకుండా, లక్క మీద ఆ చుక్కలన్నీ వరసగా పూసలదండలా కనిపిస్తాయి. కొన్నవాళ్ళు ఆ పట్టీ మీద ట్రేసింగ్ పేపర్ అంటించుకోండి, పనికొస్తుంది.

అలా అని ఈ పెట్టె అన్నిటికీ మందు కాదు. మా బాబాయికి పాత నాణేల పిచ్చి, ఆయన అణాలూ కానులూ పట్టుకొచ్చి వీటిని కూడా తియ్యరా అన్నారు. అన్ని వైపులా మెత్తటి వెలుతురు పడేసరికి నాణెం మీద అక్షరాలు చదునైపోయాయి. నాణేనికి పక్క నుంచి, నేల బారుగా, ఒక్క చిన్న దీపం కావాలి, అక్షరం లేచి నీడ వేస్తేనే కనపడుతుంది. రాళ్ళ దుద్దులూ అంతే, రాయి తళుక్కుమనాలంటే చిన్న గట్టి దీపం ఒకటి ఉండాలి, మెత్తటి వెలుతురులో అవి గాజు పెంకుల్లా ఉంటాయి. గాజు సామాను అయితే వెనక నుంచి వెలుతురు ఇవ్వాలి. వస్తువుని బట్టి పెట్టె, అంతే కానీ పెట్టెని బట్టి వస్తువు కాదు.

మార్చిలో పిన్ని కొత్త ఫోటోలన్నీ తీసి పాతవి మొత్తం తీసేసింది, ఒక్కో ఫోటో కింద "రంగు ఉన్నది ఉన్నట్టు, ఫిల్టర్ లేదు" అని రాసింది. తర్వాత ఒకసారి నేను వెళ్ళినప్పుడు ఆ భరిణె చేసిన పెద్దాయన సరుకు ఇవ్వడానికి ఇంటికి వచ్చారు. ముప్పై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్న మనిషి, ఆయన చేసినవి ఇంత దగ్గరగా ఫోటోలో ఎప్పుడూ చూసుకోలేదట. పిన్ని ఫోన్ ఇచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చాలాసేపు చూశారు, ఒక లక్కపిడత ఫోటో దగ్గర ఆగి, బొటనవేలు చూపుడువేలు పెట్టి పెద్దది చేసి నాకు చూపించారు. "ఇదిగో బాబూ, ఈ రెండో గీత కాడ లక్క పల్చగా పడింది, చేతిలో చూసినప్పుడు నాకు ఆనలేదు. ఇది అమ్మకమ్మా" అని పిన్ని వైపు తిరిగి, అట్టపెట్టె పక్కన వరసగా పేర్చిన వాటిలోంచి ఆ పిడతని వెతికి తీసి, సంచిలో వేసుకుని మళ్ళీ లేత్ ఎక్కించడానికి పట్టుకెళ్ళారు.